అబ్దుల్ బహా వీలునామా అసలుదేనా? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

గత నెల ఈ శీర్షికలో సొంత దస్తూరితో రాసుకున్న వీలునామాల విలువ గురించి వివరిస్తూ, ఉదాహరణగా బహాయీ మతపెద్ద అబ్దుల్ బహా వీలునామాను ఒక్క వాక్యంలో ప్రస్తావించాను. ఆ ఒక్క వాక్యం గురించి వచ్చినన్ని ఉత్తరాలు మిగతా వ్యాసం మొత్తానికి రాలేదు. వాటిలో నాలుగింటిని ఎంచుకుని ఈసారి శీర్షిక అంతా ఆ విషయానికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: అయ్యా, నిరుడు దసరా సెలవులలో పిల్లలను తీసుకొని ఢిల్లీకి పోయినప్పుడు బహాయీల కమల మందిరం (లోటస్ టెంపుల్) చూసినాము. ఏ మతం వారైనా లోపల కూర్చొని మౌనంగా ప్రార్థించుకోవచ్చన్న ఆ పద్ధతి మాకు ఎంతో నచ్చింది. ఊరికి వచ్చి ఈ మాట చెబితే, తెలిసిన పెద్దమనిషి ఒకరు "ఆ మతంలో తాత పేరు మీద దొంగ వీలునామా పుట్టించి మనుమడు గద్దెనెక్కినాడు" అన్నారు. మీరేమో అది అబ్దుల్ బహా స్వయంగా రాసినదని అంటున్నారు. ఏది నిజము?
– ఒక పాఠకుడు, దేవరకొండ

జవాబు: ముందు మనుషుల వరుస తెలిస్తే తప్ప ఈ వివాదం అర్థం కాదు. బహాయీ మతాన్ని స్థాపించిన బహాఉల్లా ఇరాన్ దేశస్థుడు. స్వదేశం నుంచి వెళ్లగొట్టబడి, ఆటోమన్ ప్రభుత్వపు ఖైదీగా పాలస్తీనాలోని అక్కా పట్టణానికి చేరి, 1892 మే 29న ఆ పట్టణం పొలిమేరలోని బహ్జీలో కన్నుమూశారు. ఆయన పెద్ద కుమారుడే అబ్దుల్ బహా. తండ్రి తరువాత దాదాపు ముప్ఫై ఏళ్లు సమాజాన్ని నడిపించి, 1921 నవంబర్ 28న హైఫాలో మరణించారు. ఆయనకు మగపిల్లలు దక్కలేదు, కూతుళ్లు నలుగురు మిగిలారు. పెద్ద కూతురి పెద్ద కొడుకు షోఘీ ఎఫెండీ. తాత పోయేనాటికి ఆ యువకుడి వయసు ఇరవై నాలుగేళ్లు. ఇంగ్లండులో, ఆక్స్‌ఫర్డ్‌లోని బేలియల్ కళాశాలలో చదువుకుంటున్నాడు. కబురు అంది, ఓడ ప్రయాణం చేసి హైఫా చేరేసరికి డిసెంబర్ 29 అయింది. అబ్దుల్ బహా ఇనప్పెట్టెలో షోఘీ ఎఫెండీ పేరు రాసిపెట్టిన వీలునామా కాగితాలు ఉన్నాయి. వాటిని 1922 జనవరి మొదటి వారంలో పెద్దల ముందు, ఆ తరువాత వివిధ దేశాల నుంచి వచ్చిన బహాయీల ముందు చదివి వినిపించారు.

ఆ కాగితాలు మూడు భాగాలు. 1901 నుంచి 1908 వరకు గల కాలంలో వేర్వేరు సమయాల్లో రాసినవి. ప్రతి భాగానికీ అబ్దుల్ బహా చేవ్రాలు, ముద్ర ఉన్నాయని బహాయీలు చెబుతారు. తన తరువాత షోఘీ ఎఫెండీ 'ధర్మ సంరక్షకుడు' అవుతాడని, ఎన్నికల ద్వారా ఏర్పడే 'విశ్వ న్యాయ మందిరం' అనే పాలకమండలి ఆయనతో పాటు సమాజాన్ని నడిపిస్తుందని అందులో ఉంది.

ఇక ఆక్షేపణ ఎవరు లేవదీశారన్నది చూడాలి. అబ్దుల్ బహా సవతి తమ్ముడు మీర్జా ముహమ్మద్ అలీ మొదటి నుంచీ అన్నకు ఎదురు నిలిచినవాడు. అన్న పోయిన కొద్ది వారాలకే తన మనుషులతో బహ్జీలోని తండ్రి సమాధి తాళంచెవులను లాక్కున్నాడు. బ్రిటిష్ అధికారులు కల్పించుకొని తాళంచెవులను తమ వద్ద ఉంచుకొని, కొంతకాలానికి షోఘీ ఎఫెండీ పక్షానికి అప్పగించారు. అయితే ముహమ్మద్ అలీ వాదన ప్రధానంగా తన తండ్రి రాసిన వీలునామా మీద నిలిచింది. "తండ్రి నన్ను రెండవ వారసుడిగా పేర్కొన్నాడు" అన్నదే దాని సారం. అబ్దుల్ బహా వీలునామాలోని దస్తూరి ఆయనది కాదన్న వాదన ఉద్యమంగా మారింది అక్కడ కాదు, వేల మైళ్ల దూరంలోని అమెరికాలో.

రూత్ వైట్ అనే అమెరికన్ మహిళ 1920లో హైఫా వెళ్లి అబ్దుల్ బహాను దర్శించుకున్నవారు, ఆయన పట్ల ఎంతో భక్తి గలవారు. సభలు, కమిటీలు, పదవులు ఆయన బోధకు విరుద్ధమని ఆమె గట్టిగా నమ్మారు. అటువంటి వ్యవస్థను నిలబెట్టే వీలునామా ఆయనది కాజాలదన్న నిర్ణయానికి ముందు వచ్చి, తరువాత రుజువులు వెదికారు. ఈ క్రమం గమనించదగినది. పాలస్తీనాలోని బ్రిటిష్ అధికారులకు మొరపెట్టుకున్నారు, పుస్తకాలు అచ్చు వేశారు. వీలునామా ఛాయాచిత్రాలను లండన్‌లోని ఐన్స్‌వర్త్ మిచెల్ అనే దస్తూరి నిపుణుడికి చూపించి 1930లో ఒక నివేదిక సంపాదించారు. ఆ దస్తూరి మొత్తం ఒకే వ్యక్తిది అనడానికి వీలు లేదని, తనకు చూపిన అబ్దుల్ బహా రాత నమూనాల లక్షణాలు ఇందులో కనిపించలేదని ఆ నివేదిక సారాంశం. జర్మనీలో విల్‌హెల్మ్ హెర్రిగెల్ ఆమె పక్షం వహించారు. నలభై ఏళ్ల తరువాత, 1970లలో హెర్మన్ జిమ్మర్ అనే జర్మన్ అదే వాదనను మళ్లీ పుస్తకంగా వేశారు. మీ ఊరి పెద్దమనిషి విన్న మాటకు మూలం ఈ పరంపరలోనే ఉంటుంది.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఆ వీలునామా దొంగపత్రమని రుజువు కాలేదు, రుజువుకు తెచ్చిన ఏకైక బలమైన ఆధారం కూడా నిలబడేది కాదు. ఆ నివేదిక ఇచ్చిన నిపుణుడు సిరాలు, కాగితాల విషయంలో పేరున్నవాడే. కాని ఆయన చూసింది ఛాయాచిత్రాలను మాత్రమే, అసలు కాగితాన్ని కాదు. పైగా పారసీక భాష చదవలేని మనిషి. మన ప్రాంతపు పాఠకులకు ఇందులోని ఇబ్బంది నేను వివరించనక్కరలేదు. మన తాలూకా కచేరీల్లో నైజాం కాలపు సేత్వారులు (భూమి రికార్డులు), ఇనాం కాగితాలు షికస్తా రాతలో ఉండేవి. అక్షరం మీద అక్షరం ఎక్కి, చుక్కలు ఎగిరిపోయి, ఒకే గుమాస్తా ఉదయం రాసిన పంక్తికి సాయంత్రం రాసిన పంక్తికి పోలిక లేకుండా ఉండే రాత అది. ఉర్దూ మీడియంలో చదివిన మా నాన్నగారు సైతం మా పొలం నకలును ముందు పెట్టుకొని ఒక్కొక్క మాట కోసం గంటసేపు ఆలోచించేవారు. ఆ రాతను చదవడమే రానివాడు, అందులోనూ ఫొటో చూసి, ఇది ఒక చేతి రాతా రెండు చేతుల రాతా అని తేల్చడం ఎంత కష్టమో ఊహించండి. పైగా ఆ వీలునామా ఒక్క పూటలో కూర్చొని రాసినది కాదు. ఏడేళ్ల కాలంలో, ప్రభుత్వ విచారణలు, ఉరిశిక్ష పడవచ్చునన్న పుకార్లు ముసురుకున్న రోజుల్లో రాసినది.

ఇంకొక సంగతి నన్ను బాగా ఆలోచింపజేసింది. వీలునామాలోనే ఒక చిన్న గమనిక ఉంది. ఈ కాగితాన్ని చాలా కాలం భూమిలో దాచి ఉంచామని, చెమ్మ తగిలి కొన్ని చోట్ల పాడైందని, పరిస్థితులు కల్లోలంగా ఉన్నందున దాన్ని అలాగే వదిలేశామని దాని భావం. దొంగపత్రం రాసేవాడు కాగితం నిండుగా, నిర్దోషంగా కనిపించాలని తాపత్రయపడతాడు. దస్తావేజును కుండలో పెట్టి ఇంటి మూలన పాతిపెట్టిన కుటుంబాలు మన పల్లెల్లోనూ ఉన్నాయి. పోలీసు చర్య నాటి రోజులు చూసిన ముసలివారిని అడిగితే చెబుతారు. ఆ గమనికలో అటువంటి భయం వినిపిస్తుంది. ఇది చట్టపరమైన రుజువు కాదని నాకు తెలుసు. అయినా చదివినవారి మనసు మీద దాని ప్రభావం ఉండక తప్పదు.

ప్రశ్న: నేను న్యాయశాస్త్ర విద్యార్థిని. మన చట్టం ప్రకారం వీలునామాకు ఇద్దరు సాక్షులు ఉండాలి. అబ్దుల్ బహా వీలునామాకు సాక్షి సంతకాలు లేవని మీరే గతంలో రాశారు. దస్తూరి నిపుణుడి నివేదిక కూడా వ్యతిరేకంగా ఉంది. ఇటువంటి పత్రం మహబూబ్‌నగర్ జిల్లా కోర్టుకు వస్తే ఒక్క వాయిదాలో కొట్టివేయరా?
– ఒక పాఠకురాలు, మహబూబ్‌నగర్

జవాబు: అమ్మా, మీ ప్రశ్నలో రెండు భాగాలు ఉన్నాయి. మొదటి దానికి జవాబు తేలిక. 1925 నాటి భారత వారసత్వ చట్టంలోని 63వ సెక్షన్ ప్రకారం మన వీలునామాకు ఇద్దరు లేక అంతకంటే ఎక్కువ మంది సాక్షులు సంతకం చేయాలి, నిజమే. కాని ఆ చట్టం పుట్టక ముందే, వేరొక దేశంలో, వేరొక మతస్థుడు తన మతధర్మాన్ని అనుసరించి రాసిన పత్రానికి దాన్ని వర్తింపజేయలేము. మన దేశంలోనే ముస్లింల వీలునామాకు ఆ సెక్షన్ వర్తించదు, నోటిమాటగా చెప్పిన వీలునామా సైతం వారికి చెల్లుతుంది. బహాయీల ధర్మగ్రంథమైన 'కితాబే అక్దస్' ప్రతి ఒక్కరూ వీలునామా రాసుకోవాలని విధించింది, సాక్షుల సంఖ్యను మాత్రం నిర్ణయించలేదు.

రెండవ భాగం మీద నేను కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే రేపు మీరు నల్లకోటు వేసుకున్నాక పనికి వచ్చేది ఇదే. పాత సాక్ష్య చట్టంలో 45వ సెక్షన్ నిపుణుడి అభిప్రాయం గురించి చెబుతుంది, 47వ సెక్షన్ ఆ దస్తూరితో పరిచయం ఉన్నవాడి అభిప్రాయం గురించి చెబుతుంది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియం కూడా ఈ రెండు దారులనూ నిలిపి ఉంచింది. అంటే, భూతద్దం పెట్టి చూసే నిపుణుడు ఒకడు, ఏళ్ల తరబడి ఆ మనిషి ఉత్తరాలు అందుకున్నవాడు, ఆయన రాస్తుండగా చూసినవాడు మరొకడు. ఇద్దరి మాటా కోర్టు వింటుంది. నిపుణుడి అభిప్రాయం అభిప్రాయమే కాని తీర్పు కాదని, దాన్ని జాగ్రత్తగా తూచి చూడాలని మన న్యాయస్థానాలు పదే పదే చెప్పాయి. జిరాక్సు కాగితం చూసి దస్తూరి తేల్చిన నివేదికలను మన కోర్టులు ఎంత అనుమానంగా చూస్తాయో, ఏ సీనియర్ న్యాయవాదిని అడిగినా మీకు చెబుతారు.

ఇప్పుడు అబ్దుల్ బహా దస్తూరితో పరిచయం ఉన్నవారు ఏమన్నారో చూడండి. ఆయన చెల్లెలు బహియ్యా ఖానుమ్ బాల్యం నుంచి అన్న వెంటే ఉన్నారు, ఖైదు కూడా అనుభవించారు. 1922 జనవరిలో వీలునామాలోని నియామకాన్ని ప్రపంచానికి తెలియజేసింది ఆవిడే. కొద్ది నెలలకే షోఘీ ఎఫెండీ దుఃఖం, అలసటతో హైఫా విడిచి వెళ్లినప్పుడు సమాజ భారాన్ని మోసిందీ ఆవిడే. "ఆవిడ ఇంటి మనిషి, అన్న మనుమడి కోసం చెప్పి ఉండవచ్చు" అని మీరు అడ్డుప్రశ్న వేస్తే తప్పు పట్టను. అలాగైతే అహ్మద్ సొహ్రాబ్‌ను తీసుకోండి. ఏళ్ల తరబడి అబ్దుల్ బహాకు కార్యదర్శిగా, దుబాసీగా పనిచేసినవాడు. ఆయన పారసీక రాత కంఠతా వచ్చినవాడు. తరువాతి కాలంలో న్యూయార్క్‌లో వేరే సంఘం పెట్టి, షోఘీ ఎఫెండీ పాలనను తీవ్రంగా ఖండించి, సమాజం నుంచి బహిష్కరింపబడినవాడు. 'బహాయీ' అన్న పేరు వాడుకున్నందుకు ఆయన మీద అమెరికా బహాయీ సభ కోర్టుకెక్కి ఓడిపోయింది కూడా. వీలునామాను అబద్ధమని చెబితే అందరికంటే ఎక్కువ లాభపడేవాడు ఆయనే. అటువంటివాడు వీలునామా అసలుదేనని ఒప్పుకొని, దాన్ని షోఘీ ఎఫెండీ అన్వయించిన తీరును మాత్రమే తప్పుపట్టాడు. ప్రతిపక్షం సాక్షి మన పక్షానికి అనుకూలంగా చెప్పిన మాటకు కోర్టులో ఎంత బరువు ఉంటుందో మీకు వేరే చెప్పాలా?

అయితే ఒక మాట. 1959లో సుప్రీంకోర్టు ఒక ప్రసిద్ధ తీర్పులో, వీలునామా చుట్టూ అనుమానాస్పద పరిస్థితులు ఉంటే వాటిని తొలగించే బాధ్యత దాన్ని ముందుకు తెచ్చినవారిదేనని చెప్పింది. వీలునామా వల్ల అందరికంటే లాభపడినవాడి చేతికే అది అందడం మన న్యాయమూర్తులు అడిగి తీరే ప్రశ్న. బహాయీలు ఈ ప్రశ్నకు నొచ్చుకోకూడదు. అడగడం ద్వేషం కాదు. షోఘీ ఎఫెండీ ఆ సమయానికి దేశంలోనే లేడన్నది, తన నియామకం గురించి తెలిసి ఆయన కుంగిపోయాడన్నది వారు ఇచ్చే జవాబు.

ప్రశ్న: తండ్రి బహాఉల్లా "పెద్దవాడి తరువాత రెండవవాడు" అని రాసి ఉంటే, అన్న వచ్చి తమ్ముడిని పక్కకు నెట్టి కూతురి కొడుకుకు ఇవ్వడం ధర్మమా? మా ఇళ్లల్లో ఇట్లా జరిగితే పంచాయితీ పెడతారు.
– ఒక పాఠకురాలు, అచ్చంపేట

జవాబు: మీరు వివాదానికి అసలు మూలాన్ని పట్టుకున్నారు. బహాఉల్లా వీలునామా పేరు 'కితాబే అహ్ద్', అంటే ఒడంబడిక గ్రంథం. ఆయన పోయిన తొమ్మిదవ రోజున దాన్ని చదివి వినిపించారు. అందులో పెద్ద కుమారుడి వైపు అందరూ మరలాలని ఉంది, ఆయన తరువాత ముహమ్మద్ అలీని ఎంచుకున్నామనీ ఉంది. చిన్నవాడి స్థానం పెద్దవాడి స్థానానికి దిగువనే అని కూడా అందులోనే ఉంది. అబ్దుల్ బహా వాదన ఏమంటే, ఆ రెండవ స్థానం పెద్దవాడికి లోబడి ఉన్నంతవరకే, తిరగబడినవాడు, తండ్రి రాతలను మార్చినవాడు తనంతట తానే దాన్ని పోగొట్టుకున్నాడు. అందుకే ఆయన వీలునామాలో అధిక భాగం తమ్ముడి చర్యల మీద ఆరోపణలతో నిండి ఉంటుంది. చదివితే బాధ కలుగుతుంది, ఒక ఇంటి గొడవ ఎంత లోతుకు పోగలదో తెలుస్తుంది. ముహమ్మద్ అలీ మాత్రం తన హక్కు తండ్రి ఇచ్చినదని, అన్న దాన్ని రద్దు చేయలేడని 1937లో చనిపోయేవరకు చెబుతూ వచ్చాడు.

కాబట్టి అది కాగితం దొంగదా నిజమైనదా అన్న వివాదం కాదు. తండ్రి ఇచ్చిన మాటను కొడుకు మార్చవచ్చా అన్న వివాదం. పంచాయితీ పెద్దలు ఈ రెంటినీ విడదీసి అడిగితే సగం కేకలు తగ్గుతాయి. కూతురి కొడుకు అన్న విషయానికి వస్తే, అబ్దుల్ బహాకు కొడుకులు మిగలలేదు, మన సంప్రదాయంలో కూడా అటువంటప్పుడు దౌహిత్రుడు పిండం పెడతాడు, ఆస్తి అందుకుంటాడు. అది మీకు వింతగా తోచనక్కరలేదు.

ఒక సూక్ష్మం కూడా చెప్పాలి. వీలునామా మొదటి భాగంలోను, మూడవ భాగంలోను షోఘీ ఎఫెండీ పేరు ఉంది. రెండవ భాగంలో సంరక్షకుడి పేరు లేదు, గ్రంథంలో స్పష్టంగా లేనివాటిని విశ్వ న్యాయ మందిరానికి నివేదించాలని మాత్రమే ఉంది. మొదటి భాగం రాసేనాటికి ఆ పిల్లవాడు చిన్నవాడు, 1897లో పుట్టినవాడు. పసివాడిని పేరు పెట్టి నియమించడం నమ్మశక్యంగా లేదని కొందరు, ఎప్పుడు ప్రాణం పోతుందో తెలియని మనిషి అలా చేయడమే సహజమని కొందరు. నాకు రెండవ మాటే సబబుగా తోస్తుంది.

ప్రశ్న: మరి షోఘీ ఎఫెండీ తన తరువాత ఎవరికి రాసి పోయాడు?
– ఒక పాఠకుడు, సూర్యాపేట

జవాబు: ఎవరికీ రాయలేదు. 1957 నవంబర్ 4న లండన్‌లో ఆకస్మికంగా మరణించారు. ఆయనకు పిల్లలు లేరు. 'ధర్మ హస్తాలు' అనే పదవిలో ఉన్న పెద్దలు ఇరవై ఏడు మంది అప్పటికి ఉన్నారు. వారిలో తొమ్మిది మంది హైఫాలో ఆయన ఇనప్పెట్టె తెరిచి వెదికి, వీలునామా ఏదీ లేదని నమోదు చేసుకున్నారు. ప్రతివాడూ వీలునామా రాయాలని శాసించిన మతంలో, సంరక్షకుడు తన జీవితకాలంలోనే వారసుడిని నియమించాలని తాత రాసిన వీలునామా చేతిలో ఉండగా, ఇలా జరగడం ఎందరినో కలవరపెట్టింది. దొంగపత్రం వాదన కంటే ఈ ప్రశ్నే నాకు బరువైనదిగా కనిపిస్తుంది. ఎందుకంటే అసలు వీలునామా నిజమైనదని ఒప్పుకున్నవారే దీనికి జవాబు చెప్పవలసి ఉంటుంది. ఆ ఇరవై ఏడు మందిలో ఒకరైన మేసన్ రిమీ 1960లో తానే రెండవ సంరక్షకుడినని ప్రకటించుకొని బహిష్కరింపబడ్డాడు, కొద్దిమంది ఆయన వెంట వెళ్లారు. మిగిలిన పెద్దలు మాత్రం వారసుడిని తామే పుట్టించుకోకుండా, కాగితంలో లేనిదాన్ని ఉన్నట్టు రాసుకోకుండా, తమలో ఎవరూ అభ్యర్థిగా నిలబడకుండా 1963 ఏప్రిల్‌లో హైఫాలో విశ్వ న్యాయ మందిరానికి తొలి ఎన్నిక జరిపించారు. ఇంకొక సంరక్షకుడిని నియమించే దారి ఏదీ తనకు కనబడలేదని ఆ మందిరం అదే సంవత్సరం ప్రకటించింది.